స్లేటన్ వాళ్ళకి పిలుపు ఉత్తరం

ఓడినవాడు అడగాలి. గెలిచినవాడు అడగకూడదు. టర్లీకీ స్లేటన్‌కీ నడుమ ఉన్న కొండ ఎంత పాతదో ఈ కట్టుబాటూ అంత పాతదని జనం అంటారు. అంత కాదుగాని, తొంభై ఏళ్ళ పైమాటే.

రెండూ బొగ్గు ఊళ్ళు. రెండిటికీ చెరో చిన్న కాలేజీ. ఏటా నవంబరులో ఒక్క ఫుట్‌బాల్ ఆట, హెల్మెట్లు పెట్టుకుని ఒకర్నొకరు ఢీకొట్టుకునే రకం, ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. ఓడిన ఊరివాళ్ళు చలికాలం పోయాక గెలిచిన ఊరికి చేత్తో ఉత్తరం రాయాలి, మళ్ళీ ఆడదాం రండి అని. గెలిచిన ఊళ్ళో ఫైర్ స్టేషన్ దగ్గర చేపలు వేయించుకుని తినే విందు రోజున ఒకడు బల్ల ఎక్కి ఆ ఉత్తరం గట్టిగా చదువుతాడు. కిందున్నవాళ్ళు ప్రతి మాటకీ ఎగతాళి చేస్తారు. అడిగించుకోవడంలోనే ఉంది గెలిచిన రుచి. గెలిచినవాడే ముందుగా పిలిచాడంటే మాత్రం అది ఓడినవాడి మొహాన ఉమ్మినట్టు. ఆ పని రెండు ఊళ్ళలో ఎవరూ చేసి ఎరగరు.

పోయిన నవంబరులో స్లేటన్‌లో ఆడితే టర్లీ ఓడింది. కనక ఉత్తరం టర్లీ రాయాలి. ఆ పని ఆర్విల్ మాబ్రీ నెత్తిన పడింది.

ఆర్విల్‌కి డెబ్బై ఏడు. ఇరవై ఆరేళ్ళు గనిలో చేశాడు. గని మూసేశాక కాలేజీ మైదానంలో గడ్డి కోసి గీతలు వేసే పనిలో చేరాడు. ఇప్పటికీ తాడు లాగి, మేకు కొట్టి, వంగి చూసుకుని గాని గీత వెయ్యడు. మాట్లాడడం తక్కువ. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు జ్వరం తగిలిందేమో అని మంగలి హోబార్ట్ స్కాగ్స్ అంటుంటాడు. ఆ ఊళ్ళో ఆర్విల్‌ని ఒరేయ్ అనేవాడు ఇంక హోబార్ట్ ఒక్కడే. తక్కినవాళ్ళంతా పోయారు.

ఆర్విల్ కొడుకు డేల్. పందొమ్మిదేళ్ళవాడు స్లేటన్ ఆటలోనే, టర్లీ మైదానంలోనే, ముప్పై ఒకటో గజం గీత దగ్గర పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. అది జరిగి ముప్పై ఐదేళ్ళు.

*

ఫిబ్రవరిలో కాలేజీ భోజనాల గదిలో మీటింగు పెట్టారు. ఆటల వ్యవహారాలు చూసే టామ్సిన్ రీస్ గోడకి పెద్ద కాగితం అంటించింది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. పడమటి మైదానాల పిల్ల. ఊరికి వచ్చి మూడేళ్ళే.

"మన కూటమిలో పద్ధెనిమిది కాలేజీలు," అంది. "తూర్పు పాయలో తొమ్మిది, పడమటి పాయలో తొమ్మిది. మన తొమ్మిదిలో మనమే తిరిగి తిరిగి కొట్టుకుంటున్నాం. నాలుగేళ్ళు చదివి వెళ్ళిపోయే పిల్లాడు సొంత కూటమిలో సగం కాలేజీల మొహమే చూడడు."

"చూడకపోతే ఏం కొంప మునిగిందమ్మా?" అన్నాడు హోబార్ట్ వెనకనించి. "మా ఆవిడ మొహం యాభై ఏళ్ళబట్టీ చూస్తున్నా. ఏం బావుకున్నాను?"

"ఇంటికి రా, చెబుతా," అంది వాళ్ళావిడ పక్క బల్ల నించి. జనం నవ్వారు. టామ్సిన్ కూడా నవ్వింది. నవ్వి, కాగితం మీద వేలు పెట్టింది.

"పోయినేడు మొత్తం కూటమిలో మంచి జట్లు రెండూ మన పాయవే. ఆఖరి ఆటకి మన పాయలోంచి ఒకరే వెళ్ళాలి. ఎదురుగా పడమటి పాయ నించి నాలుగాటలు ఓడినవాళ్ళు వచ్చి నిలబడ్డారు. రెండో మంచి జట్టు ఇంట్లో కూచుని చూసింది. ఇది న్యాయమా, మీరే చెప్పండి."

  ఆ పిల్ల చెప్పింది నిజమని ఆర్విల్‌కీ తెలుసు.

"అందుకని పాయలు తీసేస్తున్నారు. పద్ధెనిమిదీ ఒకటే కుప్ప. ఏటేటా ఎదుటివాళ్ళు మారుతుంటారు, అందరూ అందరితో ఆడతారు. వచ్చే నవంబరు దాకా పాత లెక్కే. ఆ పై ఏడు నించి కొత్తది."

"మరి స్లేటన్?" ఎవరో అడిగారు.

"ప్రతి కాలేజీ ఒక్క ఆట ఏటా అట్టే పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు రాసి పంపాలి. ఏప్రిల్ పదిహేను ఆఖరు. ఒకరు రాసి ఒకరు రాయకపోతే చెల్లదు. అప్పుడు స్లేటన్ మూడేళ్ళకోసారి. మొదట అక్కడ. మన ఊరికి రావడం ఆరో ఏట."

టామ్సిన్ పెన్ను మూత తీసింది.

"స్లేటన్ పేరు నేను రాసేస్తాను. వాళ్ళకి ఫోన్ చేసి మన పేరు రాయమంటే సరిపోతుంది కదా?"

భోజనం బల్ల మీద బూట్లు పెట్టినదాన్ని చూసినట్టు చూశారు ఆమెని.

"ఫోనా?" అన్నాడు హోబార్ట్. "తల్లీ, ఓడింది మనం. ఉత్తరం వెళ్ళాలి. ఫైర్ స్టేషన్‌లో చదవాలి. చదివాక వాళ్ళు మన పేరు రాస్తారు. ఉత్తరం వెళ్ళకుండా వాళ్ళు మన పేరు రాశారా, చచ్చినా ఆ ఆటకి నేను రాను. నేనే కాదు, ఇక్కడున్న ఏ ఒక్కడూ రాడు."

"సరే అయితే, ఉత్తరమే రాయండి," అంది టామ్సిన్ చేతులెత్తేసి. "తొందరగా రాయండి."

ఎవరు రాయాలన్నది మామూలుగా హెల్మెట్‌లో చీటీలు వేసి తీస్తారు. ఈసారి చీటీలు అక్కర్లేదన్నాడు హోబార్ట్. "ఆర్విల్ రాస్తాడు. డేల్ వాళ్ళ నాన్న రాసిన ఉత్తరం చదువుతుంటే స్లేటన్‌లో ఒక్కడూ పళ్ళు బయటపెట్టడు." గదంతా ఆర్విల్ వైపు తిరిగింది. ఆయన కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

"ఏరా?"

"ఊ," అన్నాడు ఆర్విల్.

*

డేల్‌ని ఢీకొట్టినవాడు కర్టిస్ వెంగర్. అప్పుడు ఇరవై ఏళ్ళు, స్లేటన్ జట్టులో. తప్పు దెబ్బ కాదు. అంపైరు ఈల వెయ్యలేదు. అలాంటి దెబ్బలు ఆ రోజు నలభై తగిలి ఉంటాయి. డేల్ లేచాడు, రెండడుగులు నడిచాడు, చిన్నపిల్లాడు కూచున్నట్టు గడ్డిలో కూలబడ్డాడు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాడు. అంతే.

కర్టిస్ ఆ వారమే కాలేజీ మానేశాడు. బంతి మళ్ళీ ముట్టలేదు. తండ్రి వదిలిపోయిన యాపిల్ తోట చూసుకుంటూ తల్లితో ఉండిపోయాడు. ఒక అమ్మాయితో పెళ్ళి మాట ఉండేది, అదీ పోయింది.

మరుసటి ఏడు ఆట స్లేటన్‌లో. ఆర్విల్ ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలీదు. కంచె దగ్గర నిలబడి ఉంటే కర్టిస్ వచ్చి పక్కన నిలబడ్డాడు. చేతిలో గోనె సంచి, నిండా యాపిళ్ళు. మొదటి పావు ఆట అయ్యేదాకా ఇద్దరూ నోరు విప్పలేదు. ఈల వేశాక కర్టిస్ సంచి ఆర్విల్ కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. ఆర్విల్ భార్య నాడీన్ ఆ సంచి చూసి, ఎవరిచ్చారో తెలుసుకుని, ఒక్కో కాయా లెక్కపెట్టినట్టు వాగులోకి విసిరింది.

అప్పటినించీ ఏటా అంతే. ఆట ఎక్కడైనా సరే, కంచె పక్కన మొదటి పావు. ఓ సంచి. నాడీన్ బతికున్నన్నాళ్ళూ ఆ కాయలు వాగుకే పోయాయి. ఆమె పోయి తొమ్మిదేళ్ళు. తరవాత ఆర్విల్ వాటిని నేలమాళిగలో పెట్టడం మొదలెట్టాడు. తినలేదు. మార్చికల్లా ముడతలు పడి నల్లబడేవి.

ఎవరికీ తెలియంది ఒకటుంది.

ఆ ఆటకి ముందు శనివారం ఇంకో ఊళ్ళో ఆడుతూ డేల్ తలకి దెబ్బ తిన్నాడు. ఎవరికీ చెప్పలేదు. మంగళవారం సాయంత్రం నాడీన్ చర్చి పాటల సాధనకి వెళ్ళింది. తండ్రీ కొడుకులిద్దరే బీన్స్, మొక్కజొన్న రొట్టె తింటున్నారు. డేల్ తినకుండా చెంచా పక్కన పెట్టాడు.

"నాన్నా, దీపం చూస్తే తల పగిలిపోతోంది. ఒకోసారి రెండు రెండు కనబడుతున్నాయి."

"ఎప్పణ్ణించి?"

"శనివారం నించి. కోచ్‌కి చెప్పనా?"

చెబితే స్లేటన్ ఆటకి కూచోబెడతారు. ఆర్విల్ ఆ ఏడంతా గనిలో ఆ ఆట గురించే చెప్పుకుంటూ తిరిగాడు. మా వాడు ఆడతాడు, మా వాడు ఆడతాడు అని.

"స్లేటన్ ఆట అయ్యాక చెబుదువుగానిలే," అన్నాడు.

డేల్ తలూపాడు. చెంచా తీసుకుని మళ్ళీ తిన్నాడు. తండ్రి చెబితే వినే పిల్లాడు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. "ఈ దెబ్బకి ఇంత జరగకూడదే. ముందేమైనా తగిలిందా?" నాడీన్ పక్కనే ఉంది, ఆర్విల్ చొక్కా చెయ్యి పట్టుకుని. "లేదు," అన్నాడు ఆర్విల్. ఆ ఒక్క మాటా ముప్పై ఐదేళ్ళు మోశాడు. ఏటా కంచె దగ్గర కర్టిస్ పక్కన నిలబడి, ఈసారి చెప్పేద్దాం అనుకునేవాడు. పావు అయిపోయేది. వచ్చేడు చెబుదాంలే అనుకునేవాడు.

*

ఉత్తరం రాయడానికి నాలుగు రాత్రులు పట్టింది. రాసింది ఇంతే:

"స్లేటన్ వారికి. పోయినేడు మీరు గెలిచారు. బాగా ఆడారు. మళ్ళీ ఆడదాం రండి. ఆర్విల్ మాబ్రీ, టర్లీ."

కవరులో పెట్టాడు. స్టాంపు అంటించాడు. కోటు లోపలి జేబులో పెట్టుకుని పోస్టాఫీసు దాకా నడిచాడు. డబ్బా మూత ఎత్తాడు. చెయ్యి లోపలికి పోలేదు.

ఉత్తరం వెళ్ళకపోతే ఏమవుతుంది? ఆట ఉండదు. కంచె ఉండదు. ఆ మనిషి గోనె సంచితో పక్కన వచ్చి నిలబడడు. ఆ మొహం చూసి, ఇవాళ చెప్పలేదే అని కొండ దిగుతూ తిట్టుకోవడం ఉండదు. మూడేళ్ళకి ఆట అక్కడ. మసకబారిన తన కళ్ళతో కొండ రోడ్డు మీద బండి ఇంక నడపలేడు. ఆరేళ్ళకి ఇక్కడ. అప్పటికి ఎవరుంటారో.

మూత దించేసి ఇంటికి వచ్చాడు. ఇంకో రోజు వెళ్ళాడు. ఇంకో రోజు కూడా.

హోబార్ట్ క్షవరం చేస్తూ అడిగాడు. "వేశావురా?"

"ఊ."

"ఏం రాశావు?"

"రమ్మని."

"అబ్బో, మహా కవిత్వం," అని మెడ దులిపాడు హోబార్ట్.

ఏప్రిల్ పదిహేను వచ్చింది, వెళ్ళింది. ఆ రాత్రి ఆర్విల్ ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు. అంత నిద్ర ముప్పై ఐదేళ్ళలో ఎరగడు. పొద్దున్న లేచి మొహం కడుక్కుంటూ అద్దంలోకి చూసి, తువ్వాలు అద్దం మీద వేసేశాడు.

వారానికి టామ్సిన్ మంగలి కొట్లోకి వచ్చి చెప్పింది. మొహం పాలిపోయి ఉంది. స్లేటన్ వాళ్ళు ఏటా ఆడే జట్టు పేరు రాయాల్సిన గడి ఖాళీగా పంపారు. ఎవరి పేరూ రాయలేదు.

"ఖాళీగానా?" అన్నాడు హోబార్ట్ కత్తెర ఆపి.

"ఫోన్ చేశాను. ఆఖరి రోజు దాకా చూశారట. మాకు పిలుపు రాలేదు, రాకుండా మేమెలా రాస్తాం అన్నారు. నాకు మీ రెండు ఊళ్ళూ అర్థం కావు. కూటమి వాళ్ళని బతిమాలాను. ఆరేళ్ళ పట్టిక ముద్ర పడింది, కదలదు అన్నారు."

"రాలేదా! ఆర్విల్ తన చేత్తో వేస్తే రాలేదంటారా? స్లేటన్ వాడు నిజం చెప్పిన రోజున కోడి పళ్ళు తోముకుంటుంది! ఉత్తరం దాచేశారు. గెలిచిన గర్వం. మనతో ఆడడం నామోషీ అయింది వాళ్ళకి."

కొట్లో ఉన్న నలుగురూ స్లేటన్ వాళ్ళ తాతల్ని కూడా తవ్వి తిట్టారు. ఆర్విల్ కుర్చీలో మెడకి గుడ్డ కట్టించుకుని కూచుని ఉన్నాడు. జేబులో ఉత్తరం ఉంది. గుడ్డ కింద చెయ్యి దాని మీదే ఉంది.

ఎండాకాలం అంతా ఊరు స్లేటన్‌ని తిడుతూనే ఉంది. స్లేటన్‌కి కూతుర్ని ఇచ్చినవాళ్ళు ఫోన్లు మానేశారు. అటువైపు బండ్లకి ఇక్కడ పెట్రోలు కొట్టే అతను నోరు తెరిచి పలకరించడం మానేశాడు. ఒక్కమాట చెబితే ఆగిపోయేది అదంతా. ఆర్విల్ గడ్డి కోసుకుంటూ తిరిగాడు.

ఆగస్టులో ఛాతీ ఫోటో తీశారు. ఇరవై ఆరేళ్ళ బొగ్గు లోపల గడ్డకట్టి ఉంది. కొత్త డాక్టరు, మంచి పిల్లాడు, తిప్పి తిప్పి చెప్పబోయాడు.

"ఎన్ని చలికాలాలు?" అన్నాడు ఆర్విల్.

"రెండు, మాబ్రీ గారూ. జాగ్రత్తగా ఉంటే."

బయటికి వచ్చి మెట్ల మీద కూచున్నాడు. ఆరేళ్ళ మాట గుర్తొచ్చింది. మూడేళ్ళ మాట కూడా. మిగిలింది ఒక్క ఆట. పాత పట్టికలో ఆఖరిది. నవంబరులో, ఇక్కడే. చెప్పకుండా తప్పించుకుందామని ఉత్తరం దాచాడు. దాచి, చెప్పడానికున్న దారుల్లో ఒక్కటి తప్ప అన్నీ తన చేత్తోనే మూసుకున్నాడు.

*

ఆట రోజు ముసురు. ఆర్విల్ తెల్లారకుండా వచ్చి గీతలు వేశాడు. యంత్రం నెడుతుంటే ప్రతి పది గజాలకీ ఊపిరి కోసం ఆగాల్సొచ్చింది. ముప్పై ఒకటో గజం దగ్గర యంత్రం ఆపి, ఎప్పటిలాగే బ్రష్షుతో వేశాడు.

రెండు ఊళ్ళ జనమూ వచ్చారు గాని ఏటా ఉండే సందడి లేదు. కలిసి మాంసం కాల్చుకునేవాళ్ళు ఎడంగా బండ్లు పెట్టుకున్నారు. స్లేటన్ వాళ్ళు గుడ్డ మీద రాసి పట్టుకున్నారు: "అడగడానికి నోరు లేదా?" టర్లీ కుర్రాళ్ళు బురద విసిరారు.

కర్టిస్ ఆట మొదలయ్యే ఈలకి వచ్చాడు. యాభై ఆరేళ్ళు. జుట్టు అంతా తెల్లబడింది. గోనె సంచి కంచె పక్కన దింపి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. బంతి గాల్లోకి లేచింది. ఇద్దరూ దాన్నే చూశారు.

ఎప్పుడూ మాట్లాడని మనిషి కర్టిస్ ఆ రోజు తనే మొదలెట్టాడు.

"ఇదే ఆఖరు కదండీ."

"ఊ."

"ఏప్రిల్‌లో రోజూ ఫైర్ స్టేషన్‌కి వెళ్ళాను. టపా వచ్చిందా అని. మీరు రాస్తారని చెప్పుకున్నారు మా ఊళ్ళో." టోపీ వెనక్కి తోశాడు. "మా వాళ్ళు మీ వాళ్ళని తిట్టారు. నేను తిట్టలేదు. నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ నన్ను పక్కన నిలబడనిచ్చారు. అదే ఎక్కువ. ఇంక నా మొహం చూడలేక రాయలేదనుకున్నాను. న్యాయమే అనుకున్నాను."

ఆర్విల్ కంచె తీగ పట్టుకున్నాడు. తడి తీగ, చేతికి మంచులా తగిలింది. రెండో చెయ్యి జేబులోకి వెళ్ళింది. కవరు అంచులు అరిగిపోయి మెత్తబడి ఉన్నాయి. తీసి ఇచ్చాడు.

కర్టిస్ స్టాంపు చూశాడు. విప్పి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"రాశారు. వెయ్యలేదు."

"వెయ్యలేదు."

"ఎందుకండీ?"

మైదానంలో కుర్రాళ్ళు ఒకర్నొకరు ఢీకొన్నారు. హెల్మెట్ల చప్పుడు వినబడింది. లేచారు అందరూ. ఎవరెవరు లేచారో ఆర్విల్ అలవాటుగా లెక్కపెట్టుకున్నాడు.

"డేల్‌కి ఆ ఆటకి ముందు నించే తలనొప్పి," అన్నాడు. "అంతకు ముందు శనివారం దెబ్బ తిన్నాడు. రెండు రెండు కనబడుతున్నాయన్నాడు నాతో. కోచ్‌కి చెప్పనా అన్నాడు. నేను వద్దన్నాను."

కర్టిస్ ఉత్తరం మడిచి పట్టుకున్నాడు.

"స్లేటన్ ఆట అయ్యాక చెప్పమన్నాను. డాక్టరు అడిగితే ఏమీ లేదన్నాను. నీ దెబ్బ కాదబ్బాయ్. ఎవడు తాకినా పోయేవాడే. నేనే పంపాను."

అంత పొడుగు మాట ఆర్విల్ ఈ మధ్య ఎవరితోనూ అనలేదు. ఊపిరి అందక కంచె మీదికి వాలాడు. కర్టిస్ ఆయన్ని పట్టుకోలేదు. మైదానం వైపే చూస్తున్నాడు.

"చెప్పి ఉంటే ఆడనిచ్చేవారు కాదు."

"ఆడనిచ్చేవారు కాదు."

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలీదు."

"నన్ను తిట్టుకుంటూనే పోయింది."

ఆర్విల్ తలూపాడు.

"చర్చి మెట్ల మీద మా అమ్మ మొహాన ఉమ్మింది ఆవిడ," అన్నాడు కర్టిస్. గొంతు పెరగలేదు. అరిచినా బాగుండేది. "మా అమ్మ తుడుచుకుని, పోనీలేరా, కొడుకు పోయిన మనిషి అంది. అప్పణ్ణించి ఆదివారాలు ఇంట్లోనే. ఎనభై తొమ్మిదేళ్ళు మా అమ్మకి. ఇవాళ పొద్దున్న కూడా ఈ కాయలు తనే ఏరింది. మచ్చ ఉన్నవి ఆయనకి పెట్టకురా అని."

ముసురు కాస్తా వానయింది. గడియారం బోర్డు మీద రెండు నిమిషాలు మిగిలింది. కర్టిస్ చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. డబ్బాల మీద గుర్తులు పెట్టే లావు పెన్ను. ఉత్తరంతో కలిపి ఆర్విల్ చేతిలో పెట్టాడు.

"రాయండి. ఇప్పుడు చెప్పింది కింద రాయండి."

ఆర్విల్ కాగితాన్ని కంచె స్తంభానికి ఆనించాడు. కర్టిస్ టోపీ తీసి కాగితం మీద వాన పడకుండా అడ్డం పట్టాడు. తన తల తడుస్తోంది. ఆర్విల్ పెద్ద పెద్ద అక్షరాలు ఒకటొకటే పెట్టాడు.

"డేల్‌కి ముందే దెబ్బ తగిలింది. నాకు తెలుసు. నేను దాచమన్నాను. కర్టిస్ తప్పు లేదు."

కింద చోటు లేదు. సంతకం పక్కన నిలువుగా పెట్టాడు.

కర్టిస్ తీసుకుని చదివాడు. మడిచి లోపల పెట్టుకున్నాడు. "మా అమ్మకి చూపించాలి. తరవాత ఫైర్ స్టేషన్‌లో చదివిస్తాను. మాకు రావలసిన ఉత్తరమే కదా."

"చదివించు."

ఈల పడింది. మొదటి పావు అయింది. కర్టిస్ వంగి గోనె సంచి ఎత్తుకున్నాడు. ముప్పై ఆరేళ్ళలో ఎప్పుడూ దాన్ని వెనక్కి తీసుకుపోలేదు. భుజాన వేసుకుని, టోపీ పెట్టుకున్నాడు.

"మళ్ళీ వస్తావా?" అన్నాడు ఆర్విల్. అడగకూడదని తెలిసీ అడిగాడు.

కర్టిస్ ఆయన కళ్ళలోకి చూశాడు, ఆ రోజుకి మొదటిసారి.

"ఆట లేదు కదండీ," అన్నాడు.

బండ్ల వరసల మధ్య వంగి నడుస్తూ పోయాడు. ట్రక్కు వెనక సంచి దించిన చప్పుడు ఇక్కడికి వినబడలేదు.

హోబార్ట్ కాఫీ పట్టుకుని బురదలో జారుతూ వచ్చాడు. "ఏరా, ఆ యాపిళ్ళవాడు సంచి తీసుకుపోతున్నాడేంటి? వాడికీ కొమ్ములొచ్చాయా? స్లేటన్ బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు. ఉత్తరం దాచినవాళ్ళు..."

"ఉత్తరం నేను వెయ్యలేదు, హోబార్ట్."

"ఏంటీ?"

"వెయ్యలేదు. వేశానని అబద్ధం చెప్పాను. కూచో. ఇంకోటి కూడా ఉంది."

హోబార్ట్ కూచోలేదు. కాఫీ కప్పు ఒకటి ఆర్విల్‌కని తెచ్చాడు, అది చేతిలోనే ఉండిపోయింది. ఆర్విల్ మంగళవారం నించి మొదలుపెట్టి చెప్పాడు. మైదానంలో రెండో పావు నడుస్తోంది. ఎవరో ఏదో గెలుస్తున్నారు, జనం అరుస్తున్నారు. వానకి గీతలు కరిగి, తెల్ల రంగు గడ్డిలోకి పారుతోంది.

చెప్పడం అయ్యేసరికి హోబార్ట్ కప్పు స్తంభం మీద పెట్టి, మెట్ల వరసల్లోకి ఎక్కి వెళ్ళి వాళ్ళావిడ పక్కన కూచున్నాడు. ఆవిడ వంగి ఏదో అడిగింది. హోబార్ట్ చెవిలో చెప్పాడు. ఆవిడ తల తిప్పి కంచె వైపు చూసింది. ఆమె పక్కనున్నావిడ కూడా చూసింది. అలా ఒకరి నించి ఒకరికి, మాట వరస వెంట పోతూ ఉంది.

ఆర్విల్ కంచె వదలలేదు. ఆట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు కూడా టర్లీయే ఓడింది. ఉత్తరం రాయమని ఎవరూ ఆయన్ని అడగలేదు.